అంచు కాయితం మీద అరుగు

నా గురువు పేరు నాకు తెలియదు. ఆడమనిషో మగమనిషో కూడా తెలియదు. జపాను దేశంలో ఏదో ఊళ్ళో ఒక బల్ల ముందు కూర్చుని వారం వారం బొమ్మల కథ గీసిన మనిషి, అంతే. నేనూ బొమ్మల కథలు గీసే బతికాను. ఎప్పుడైనా ఎవరైనా మైకు నా ముందు పెట్టి "మీ గురువుగారెవరు?" అని అడిగితే ఈ మాటే చెబుతాను. నవ్వుతారు. గొప్పలు పోతోందనుకుంటారు. ఉన్నమాట చెప్పినా నమ్మనివాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంటే.

ఆ గురువు పుస్తకం కోరుట్లకు ఒక టేప్‌రికార్డర్ డబ్బాలో వచ్చింది. మేము కిరాయికున్న ఇంటికి పక్కింటాయన మస్కట్‌లో, జపాను ఇంజనీర్లు ఉండే క్యాంపులో వంటపని చేసేవాడు. సెలవు మీద వస్తూ టేప్‌రికార్డర్ కొనుక్కొచ్చాడు. దారిలో అది కదలకుండా డబ్బా సందులో క్యాంపువాళ్ళు పారేసిన పుస్తకం ఒకటి కుక్కాడు. ఇటుకంత మందం, పచ్చబారిన చవక కాయితం, పేజీ పేజీకీ బొమ్మలే. టేప్‌రికార్డర్ వినడానికి వాడంతా వాళ్ళింటికి పోయింది. నా కళ్ళు మాత్రం ఆ పుస్తకం మీదే ఉన్నాయి. "దాంట్ల అన్ని పిచ్చి గీతలే ఉన్నయ్ బిడ్డా, పొయ్యి ముట్టియ్యనీకె పెట్టిన. కావాల్నంటె తీస్కపో" అని పక్కింటామె నా చేతిలో పెట్టింది.

అప్పటికి నాకు పదిహేనేళ్ళు. నోటు పుస్తకాల వెనక అట్టల మీద బొమ్మలు వేసి బడిలో దెబ్బలు తినేదాన్ని. ఆ రాత్రే పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం అర్థం కాదు. అయినా కథ అర్థమైంది. నది ఒడ్డున ఒక ముసలి పడవవాడు, ఆయన మనవరాలు. వరదలో మునిగిపోయిన వాళ్ళిల్లు నీళ్ళలోంచి మెల్లగా పైకి లేస్తుంది. ఏడుస్తున్న పిల్ల ముఖం మీది కన్నీళ్ళు కళ్ళలోకి వెనక్కి పోతాయి. నది తగ్గి తన దారిన తాను పోతుంది. ఆఖరికి తాతా మనవరాలూ కూర్చుని వేడివేడిగా ఏదో తాగుతారు. ఎంత చల్లని కథ! జపానువాళ్ళు ఇంత మంచివాళ్ళా అని మురిసిపోయాను.

మా తాత చూసి, "ఉల్టా పట్టుకున్నవేందే?" అన్నాడు.

తాత నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు కానీ, రోజూ బస్సులో వచ్చే ఉర్దూ పేపరు మాత్రం గడగడా చదివేవాడు. ఆయనకు ఏ పుస్తకమైనా కుడివైపు నుంచే మొదలు. నా చేతిలోంచి తీసుకుని, అట్ట తిప్పి, నేను ఆఖరు పేజీ అనుకున్నదాన్ని మొదటి పేజీగా తెరిచి, బొమ్మల చుట్టూ గీసిన డబ్బాల మీద ఒకదాని తర్వాత ఒకటిగా కుడి నుంచి ఎడమకు వేలు పెట్టి చూపించుకుంటూ పోయాడు. తాతా మనవరాలూ వేడిగా ఏదో తాగుతున్నారు. వాన మొదలైంది. నది పొంగింది. ఇల్లు కొట్టుకుపోయింది. పిల్ల ఏడ్చింది. కథ అదీ! నాకు మండిపోయింది. నా కథే బాగుంది కదా అని ఏడ్చి పోట్లాడాను. "ఏడిస్తె ఏమైతది బిడ్డా, ఆళ్ళు రాసుకున్నది గట్ల" అని ఆయన పొట్ట ఊగేలా నవ్వాడు.

కోరుట్ల వచ్చాక తాత అలా నవ్వడం నేను చూసింది అదే మొదలు. అందుకే రోజూ సాయంత్రం పుస్తకం పట్టుకుని ఆయన పక్కన చేరేదాన్ని. బొమ్మల్లో మనుషులకు ఆయనే మాటలు పెట్టేవాడు. పడవవాడు ఉర్దూలో తిట్టేవాడు. లావుపాటి వ్యాపారి మా ఊరి పట్వారీలా నసిగేవాడు. అదే పేజీకి ఇవాళొక మాట, రేపొక మాట. మాటలు చదవలేకపోయాం కాబట్టి బొమ్మల కథకు మాటలు అక్కర్లేదని నాకు గట్టి నమ్మకం పడిపోయింది. కుడి నుంచి మొదలుపెట్టడమే సరైన పద్ధతి అన్న నమ్మకం కూడా అప్పుడే పడింది. తెలుగు పుస్తకాలు రోజూ ఎడమ నుంచి చదువుతూనే, బొమ్మల కథ మాత్రం వేరే జాతి అనుకున్నాను.

మేము కోరుట్లలో ఎందుకున్నామో చెప్పాలి. మాది మేడిపల్లి దగ్గర ఒక పల్లె. మా తాత ఆ ఊరికి దొర. గడీ అనేంత ఇల్లు కాదు మాది. ఎత్తైన రాతి అరుగు, పెంకుటిల్లు, చాలానే చేన్లు ఉండేవి. మా చేన్లలో పనిచేసినవాళ్ళకు అన్ని రోజులూ కూలి ముట్టలేదని నాకు పెద్దయ్యాక తెలిసింది. తాత అంటే నాకు ప్రాణం. అలాగని ఇది మింగేసి ఆయన కథ చెప్పడం నా వల్ల కాదు. ఊరూరా రైతుకూలీ సంఘాలు పుట్టాయి, గోడల మీద ఎర్ర రాతలు వచ్చాయి, మా పొలంలో ఎర్ర జెండా పాతారు. చాకలి రావడం మానేశాడు, మంగలి మానేశాడు. తాత తన గడ్డం తానే గీసుకోబోయి చెంప కోసుకున్నాడు. అలాంటి ఇళ్ళవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు జగిత్యాలకో కోరుట్లకో చేరిన రోజులవి. బాపుకు, అంటే మా నాన్నకు, జగిత్యాలలో ఆఫీసు నౌకరీ ఉంది కాబట్టి మాకు పూట గడిచింది.

భూమి పోయిందని తాతకు బాధ లేదనను. కానీ ఆయన్ని లోపల్లోపల తినేసింది వేరు. ఊళ్ళో ఆయనకు గవ్వలతో ఆడే పచ్చీసులో జోడీ ఒకాయన ఉండేవాడు. చిన్నతనం నుంచీ మా ఇంట్లో పాలేరుగా జీతమున్న మనిషి, తాత ఈడువాడే. పొద్దుగూకే వేళకు తాత అరుగు మీద కూర్చునేవాడు, ఆయన కింద నేల మీద కూర్చునేవాడు. అరుగు అంచున పచ్చీసు బట్ట పరిచేవారు. కింద కూర్చుంటే బట్ట కనపడదు కదా, అందుకని ఆయన గవ్వలు వేసిన ప్రతిసారీ లేచి నిలబడి, తన కాయ జరుపుకుని, మళ్ళీ కూర్చునేవాడు. ఆటంతా లేవడం, కూర్చోవడం. నేను పుట్టినప్పటి నుంచీ చూశాను కాబట్టి పచ్చీసు అలాగే ఆడతారనుకున్నాను. తాత మాత్రం ఆయన్ని అందరి ముందూ "నా దోస్తు" అనేవాడు.

సంఘం మీటింగు పెట్టి, తాతను నిలబెట్టి, దొర చేసినవి చెప్పమన్నారు. ఒకరు వెట్టి గురించి చెప్పారు, ఒకరు చేను గురించి చెప్పారు. తాత తల వంచుకుని విన్నాడట. చివర్లో ఆ దోస్తు లేచాడు. "ఇన్నేండ్ల సంది ఆడినం. ఒక్కనాడు మీదికచ్చి కూసోమనలే" అని, అంతకు మించి ఒక్క మాట లేకుండా కూర్చున్నాడు. తాతకు ఆ రోజు తగిలింది అదొక్కటే. మేము ఊరు విడిచిన పొద్దున ఆయన మా గల్లీ మొగదాకా వచ్చాడు. తాత చూశాడు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. గొంగడి కప్పుకున్న ఆ వీపు నాకిప్పటికీ కళ్ళ ముందుంది.

కొన్నాళ్ళకు ఊరి నుంచి బాపుకు కబురు వచ్చింది. ముసలాయన వచ్చి ఇల్లు చూసుకుని పోతానంటే ఎవరూ అడ్డం చెప్పరని. తాత వినలేదు. "గంత మాట అన్నంక నేనెట్ల పోత? ఆడు అచ్చి రమ్మంటెనే పోత" అన్నాడు. అక్కడ ఆయనేమో "రమ్మని నేనెందుకు చెప్త" అన్నాడట. అప్పటికే తాతకు మెట్టెక్కితే ఆయాసం. అవతలాయనకూ దగ్గు పట్టుకుందని చెప్పుకున్నారు. ఇద్దరూ ఇలాగే బిగుసుకుని కూర్చుంటే, మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పోతారని నాకు భయం పట్టుకుంది. బాపు ఆఫీసుకు పోయేవాడు, అమ్మ వంటింట్లో ఉండేది, తాత వీధికి వీపు పెట్టి మంచం మీద కూర్చునేవాడు. ఆ ఇంట్లో భయపడడానికి తీరిక ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

ఎండాకాలం సెలవులకు సిరిసిల్లలో మా మేనత్త ఇంటికి పోయాను. వాళ్ళు ఇంటి ముందరి షెడ్డు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ళకు కిరాయికిచ్చారు. పొద్దంతా సాంచాల టకటకలో ఇల్లంతా ఊగేది, పక్కన మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. ఆ షెడ్డులోనే ఒక మూల ఒకాయన చీర అంచుల నమూనాలు గీసేవాడు. అందుకోసం సన్న గడులున్న పొడుగు కాయితం వాడేవాడు. జానెడు వెడల్పు లేదు కానీ పొడవు బారెడు. మిగిలిపోయిన ముక్క ఒకటి చుట్టచుట్టి నాకిచ్చాడు. దాని మీద మా తాత ఊరు విడిచిన కథ గీశాను.

జపాను పుస్తకంలో నేర్చుకున్నట్టే కుడి చివర మొదలుపెట్టాను. ఒకటే వరుస, ఆరు డబ్బాలు, మాటలు లేవు. మొదటి డబ్బాలో అరుగు మీద పచ్చీసు. తర్వాత గల్లీ మొగన దోస్తు వీపు, చూస్తూ నిలబడ్డ తాత. తర్వాత తలుపు తాళం మీద తాత చెయ్యి. తర్వాత బస్సు మెట్టు మీద ఒక కాలు. తర్వాత బస్సు కిటికీలో ముఖం. ఎడమ చివర, కోరుట్ల గదిలో మూట పక్కన పెట్టుకుని ఒక్కడే కూర్చున్న తాత.

పచ్చీసు డబ్బా దగ్గర చాలా తిప్పలు పడ్డాను. మా అరుగు మనిషి నడుమంత ఎత్తు. కాయితమేమో జానెడు లేదు. అరుగు సరిగ్గా గీస్తే తాత తల కాయితం దాటిపోతోంది. తల తీసేయలేను కదా, అందుకని అరుగునే కుదించాను, రెండు గడుల ఎత్తుకు తెచ్చాను. అప్పుడు కింద కూర్చున్న మనిషికి జాగా లేకుండా పోయింది. చెరిపి, చెరిపి, విసుగొచ్చి ఆయన్నీ తాత పక్కనే కూర్చోబెట్టేశాను. దీంట్లో నా గొప్ప బుద్ధి ఏమీ లేదు, కాయితం చాలలేదు.

వాపసు కోరుట్లకు వస్తుంటే, వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఆ రోజుల్లో అది మామూలే. ఒక జవాను నా చేతిలో చుట్ట విప్పించాడు. గడులు చూసి అతని ముఖం మారింది.

"ఏందమ్మా గిది? ఏ ఊరి మ్యాపు?"

"మ్యాపు కాదు సార్, మా తాత."

"మీ తాతెక్కడ దాక్కున్నడు?"

"దాక్కోలే సార్. కోరుట్లల మంచం మీద కూసున్నడు."

బస్సంతా నవ్వింది. అతనికీ నవ్వొచ్చినట్టుంది, కాయితం కిటికీ వెలుగులో పెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. "పోనియ్యి, ఆఖరికి ఇంటికి చేరిండు గదా ముసలాయన. మంచిగ గీసినవ్" అని చుట్టి ఇచ్చాడు. కోరుట్ల ఇల్లు అనుకున్నాను. అతను ఎటు నుంచి చూశాడో ఆలోచించే తెలివి నాకు ఉంటే ఈ కథే లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాన్ని హైదరాబాదులో ఒక వారపత్రికకు పోస్టు చేశాను. కథకు పేరు కూడా పెట్టలేదు, జపాను పుస్తకంలో పేరు నేను చదివానా ఏమన్నానా! కొన్ని వారాలకు పత్రిక వచ్చింది. నడిమి రెండు పేజీల అడుగున, ఆ చివర నుంచి ఈ చివరకు నా బొమ్మలు, కింద నా పేరూ మా ఊరూ. కాళ్ళు నేల మీద నిలవలేదు. పరుగెత్తుకుంటూ తెచ్చి తాత ఒళ్ళో పెట్టాను. ఆయన అలవాటు చొప్పున కుడి చివర వేలు పెట్టాడు. వేలు మెల్లగా జరిగింది. రెండో డబ్బా దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"వీని ఈపు మంచిగ గీసినవ్ బిడ్డా" అన్నాడు.

సాయంత్రం బాపు జగిత్యాల నుంచి వచ్చాడు. బస్టాండులోనే పత్రిక చూశాడట, ముఖం వెలిగిపోతోంది. "ఏందే, తాత ఊరికి వాపసు పోయినట్టు గీసినవ్? మా ఆఫీసోళ్ళందరు మీ నాయిన ఎప్పుడు పోతుండని అడుగుతున్నరు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. బాపు వేలు పెట్టి చూపించాడు, ఎడమ నుంచి. గదిలో ఒంటరిగా కూర్చున్న ముసలాయన. మూటతో బస్సులో. బస్సు దిగాడు. తాళం తీశాడు. గల్లీ మొగన దోస్తు కనపడ్డాడు. ఇద్దరూ కూర్చుని పచ్చీసు ఆడారు. పైన పత్రికవాళ్ళు పెట్టిన పేరు కూడా అదే: 'ఊరికి వచ్చిన తాత'. బొమ్మలు అచ్చయిన సంబరంలో నేను ఆ పేరే చదవలేదు.

కథ ఉల్టా అయింది. తెలుగువాళ్ళంతా ఎడమ నుంచే కదా చూసేది! నెత్తి కొట్టుకుని ఏడ్చాను. తాతకు మాత్రం కోపం వచ్చింది. "అంటె నేను అస్తనని బతిమాలుకున్నట్టు పేపర్ల ఏసిండ్రా? గిది ఆడు సూస్తె ఏమనుకుంటడు? ఊరంత ఏమనుకుంటది?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. జపాను పుస్తకం తీసుకుని పక్కన కూర్చుంటే లేచి బయటకు పోయేవాడు. నేను బొమ్మలు మానేస్తానని దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకున్నాను. అంత తొందరగా తప్పిన ఒట్టు నా జన్మలో ఇంకొకటి లేదు.

ఒకనాడు మధ్యాహ్నం దర్వాజ దగ్గర దగ్గు వినపడింది. గొంగడి భుజం మీద వేసుకుని తాత దోస్తు, ఆ పెద్దమనిషి, నిలబడి ఉన్నాడు. చేతిలో మడతపెట్టిన పత్రిక. సంఘంవాళ్ళు ఊళ్ళో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పుతున్నారని విన్నాం కానీ, ఈయన ఆ వయసులో పలక పట్టాడని మాకు తెలియదు. అమ్మ గాబరాగా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. నేరుగా తాత మంచం దగ్గరకు వచ్చాడు. నోట్లోంచి 'దొరా' అన్న మాట రాలేదు.

"అస్తనంటె గిట్ల పేపర్ల ఏసుడేంది? ఒక మనిషితోని చెప్పంపితె కాకపోవునా?"

తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎవలన్నరు అస్తనని?"

"సదువుకున్నోనివి, నీకు నేను చెప్పాల్నా? గిదో, 'ఊరికి వచ్చిన తాత'. నేనే సదివిన." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో గర్వం దాచుకుంటే దాగలేదు. మంచం మీద పత్రిక పరిచి, ఎడమ చివర వేలు పెట్టాడు. "గిది నువ్వు. ఒక్కనివే కూసున్నవ్. బస్సెక్కినవ్. దిగినవ్. తాళం దీసినవ్. గిదో, నా ఈపు."

"అటు నుంచి కాదు. ఇటు నుంచి సూడాలె." తాత విసురుగా కుడి చివర వేలు పెట్టాడు. "గీడికెల్లి మొదలు. మనం ఆడుతున్నం. తర్వాత నువ్వు..."

అప్పటికి ఆయన వేలు కూడా అదే డబ్బాకు చేరింది. తాతకు మొదటి డబ్బా, ఆయనకు ఆఖరు డబ్బా. రెండు ముసలి వేళ్ళూ పచ్చీసు బట్ట మీద ఆనుకున్నాయి.

"మొదలో ఆఖరో నాకు తెల్వది" అన్నాడాయన. గొంతు తగ్గింది. "గీడ ఇద్దరం మీదనే కూసున్నం. ఒక్క జాగల. గిది సూసినంకనే ఇల్లు దాటిన."

తాత ఆ డబ్బాను అప్పుడే సరిగ్గా చూసినట్టున్నాడు. అన్నాళ్ళూ ఆయన చూసింది వీపునే. తలెత్తి నా వైపు చూశాడు. నా బొమ్మల్లో తప్పులు పట్టడం ఆయనకు మహా సరదా. ఎద్దు కొమ్ము వంకరగా ఉంటే వారం రోజులు ఏడిపించేవాడు. మా అరుగు ఎత్తెంతో, ఎవరు ఎక్కడ కూర్చునేవారో ఆయనకు తెలియదా? 'పిల్లకు గీయరాలే' అని ఒక్క మాట అంటే చాలు, ఆ పెద్దమనిషి వచ్చిన దారినే పోతాడు. ఈసారి పోతే మళ్ళీ రాడు.

తాత నా ముఖం మీంచి చూపు తిప్పి బొమ్మ వైపు చూశాడు.

"అవు. మీదనే కూసున్నం" అన్నాడు. ఆయనకు జాగా ఇస్తూ మంచం మీద జరిగి, "గట్లనే కూసుందాం" అన్నాడు.

"భూముల ముచ్చట మాట్లాడొద్దు మరి. అది సంఘం ముచ్చట."

"ఎవలు మాట్లాడుతున్నరు?"

"ముందే చెప్తున్న."

అప్పుడు కూర్చున్నాడు ఆయన, మంచం మీద, తాత పక్కన. అమ్మ చాయ్ తెచ్చింది. ఇద్దరూ చాయ్‌లో చక్కెర ఎక్కువైందని ఒకేసారి అన్నారు.

ఆ తర్వాత నా బొమ్మల బతుకు ఎలా నడిచిందంటే, పత్రికలకు గీశాను, పిల్లల పుస్తకాలకు గీశాను, పనిలేని రోజుల్లో బీడీ కట్టల మీది కాయితాలకు కూడా గీశాను. ఎడమ నుంచే. ఎప్పటికో హైదరాబాదు పుస్తకాల దుకాణంలో ఇంగ్లీషులోకి వచ్చిన జపాను బొమ్మల కథలు చూశాను. వాటి ముందుమాటల్లో అక్కడి చిత్రకారుల బతుకు చదివాను. వారానికి ఒక భాగం, అచ్చుకు వేళ మించిపోతుంటే బల్ల మీదే అన్నం, బల్ల మీదే కునుకు, మణికట్టు వాచినా చేతి నుంచి కలం దిగదట. ఎవరూ చెప్పకుండానే నాకు ఇదంతా తెలుసు, నా మణికట్టూ వాచింది. పడవ తాత కథ కోసం ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకలేదు. అది గీసిన మనిషి తన కథ మస్కట్ మీదుగా కోరుట్లదాకా వచ్చిందని తెలియకుండానే పోయి ఉంటారు. దొరికితే కాళ్ళకు మొక్కి, మీ కథను నేను ముందు ఉల్టా చదివాను, క్షమించండి, అలాగే బాగుంది అని చెప్పేదాన్ని.

తాత ఊరికి పోయిన రోజు నేనూ వెంట ఉన్నాను. మేడిపల్లిదాకా బస్సు, అక్కడి నుంచి నడక. తాత మధ్య మధ్య ఆగి గాలి పీల్చుకునేవాడు. మా ఇంటి తాళం తుప్పు పట్టి రాలేదు, అది అలాగే వదిలేశాం. అరుగు మాత్రం శుభ్రంగా ఉంది, ఎవరో ఊడ్చి నీళ్ళు చల్లారు. ఎవరో ఏమిటి, ఆయనే. పచ్చీసు బట్ట, గవ్వలు పట్టుకుని కింద నిలబడి ఉన్నాడు. ఎదురింటి గోడ పక్కన సంఘం పిల్లలు కొందరు చేతులు కట్టుకుని చూస్తున్నారు, నవ్వకుండా.

అరుగు మెట్ల రాళ్ళు ఎవరో పీక్కుపోయారు. తాత రెండు చేతులూ ఆనించి, నేను వెనక నుంచి తోస్తే, ఎలాగో పైకెక్కాడు. కింద ఆయన కదల్లేదు. ఆ అరుగును ఎన్నిసార్లు అలికాడో, ఎన్నిసార్లు ఎక్కి దిగాడో ఆ మనిషి, కూర్చోవడానికి మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. తాత వంగి చెయ్యి చాచాడు.

"దా."

చెయ్యి పట్టుకుని లాగాడు. ఒకరి దగ్గు, ఒకరి ఆయాసం, ఇద్దరూ కలిసి కింద పడతారేమోనని నేను కేక వేశాను. పడలేదు. పక్కపక్కన కూర్చున్నారు. తాత చెమట తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"నువ్వు గీసిన అరుగు ఎక్కుడు సులువుండె బిడ్డా" అన్నాడు.

బట్ట పరిచారు. మొదటి వంతు ఆయనది. గవ్వలు వేశాడు, మంచి పందెమే పడింది. పడగానే అలవాటు కొద్దీ కాయ జరపడానికి లేచి నిలబడబోయాడు. తాత ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. బట్టను ఆయన వైపు కొంచెం జరిపాడు.